టిక్కెట్టుతో మనం కొన్నదేమిటి?

పండుగ సంతోషం పండుగనాటితోనే తీరిపోదు. ఈద్ నమాజు, బంధువుల రాకపోకలు, షీర్ ఖుర్మా గిన్నెలు – మొదటి రోజు వీటితోనే గడిచిపోతుంది. మరుసటి రోజు, అంటే హైదరాబాదు పాతబస్తీలో 'బాసీ ఈద్' అనుకునే రోజు మాత్రం పూర్తిగా పిల్లలది. ఆ రోజు ఎన్నో కుటుంబాలు బహదూర్‌పురా దారి పడతాయి. చేతుల్లో టిఫిన్ డబ్బాలు, నీళ్ళ సీసాలు, చంకలో చంటిపిల్లలు. అందరి గమ్యం ఒకటే – నెహ్రూ జంతుప్రదర్శనశాల.

ఒక ఏడాది ఈదుల్ ఫిత్ర్‌కు మేమూ నల్గొండ నుండి హైదరాబాదులోని బంధువుల ఇంటికి వెళ్ళాం. ఇంట్లో పెంచుకుంటున్న రామచిలుకను పక్కింటి వాళ్ళకు అప్పగించి, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బయలుదేరాం. బాసీ ఈద్ నాడు అందరితో పాటు జూకు వెళ్ళాం. ఆలుబిడ్డలతో కలిసి ఆహ్లాదంగా గడపడం ధర్మానికి విరుద్ధమేమీ కాదు; అది వారికి మనపై ఉన్న హక్కు కూడా. కాని ఆ రోజు మా ఇంటిల్లిపాదికీ ఒక ప్రశ్న ఎదురైంది. అది మీ ఇంట్లోనూ ఎదురు కావలసిన ప్రశ్నే అనిపించి ఇక్కడ రాస్తున్నాం.

నిద్రపోతున్న పులి

మీర్ ఆలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో విస్తరించిన ఈ జూ 1963 అక్టోబరు 6న ప్రారంభమైంది. ఇక్కడ చాలా జంతువులు ఇనుప చువ్వల వెనుక కాకుండా, చుట్టూ కందకం తవ్విన ఆరుబయట ఆవరణల్లో ఉంటాయి. పిల్లలు చిన్న రైలెక్కారు, ఏనుగును చూశారు, నీటిగుర్రం నోరు తెరిస్తే కేరింతలు కొట్టారు. మధ్యాహ్నానికి పులి దగ్గరకు చేరుకున్నాం.

పులి చెట్టు నీడలో పడుకుని ఉంది. పులి స్వభావమే అంత. సాయంత్రం, రాత్రి వేళల్లో వేటాడి, పగటి ఎండలో విశ్రాంతి తీసుకుంటుంది. కాని చుట్టూ చేరిన జనానికి అది నచ్చలేదు. ఒకరు ఈల వేశారు. మరొకరు చప్పట్లు కొట్టారు. ఇంకొకరు దానిలాగే గాండ్రించి చుట్టూ ఉన్నవాళ్ళను నవ్వించారు. పులి కదలలేదు. అంతలో మా తొమ్మిదేళ్ళ అబ్బాయి వంగి ఒక గులకరాయి తీసి విసిరాడు. రాయి పులి తోకకు కొంచెం దూరంలో పడింది. అది ఒక కన్ను తెరిచి చూసి, అటువైపు తిరిగి పడుకుంది.

అక్కడి కాపలాదారు పరుగున వచ్చి, "బేటా, అలా చేయకూడదు" అని నెమ్మదిగానే మందలించాడు. మేము చేయి పట్టి పక్కకు లాగితే వాడు బిక్కమొహం వేసి అన్నాడు: "టిక్కెట్టు కొన్నాం కదా అబ్బాజాన్! అది లేవకపోతే ఎట్లా?"

వాణ్ణి కోప్పడాలనుకున్నాం. కాని నోరు రాలేదు. ఎందుకంటే అంతకు పది నిమిషాల ముందు ఎలుగుబంటి దగ్గర చప్పట్లు కొట్టి పిలిచింది మేమే. వాడు మా దగ్గర నేర్చుకున్నదాన్నే ఒక అడుగు ముందుకు తీసుకువెళ్ళాడు. పైగా వాడి మాటలో ఒక నిజమైన ప్రశ్న ఉంది. ఆ టిక్కెట్టుతో మనం కొన్నదేమిటి?

గురిపెట్టిన రాయి

ముందు రాయి సంగతి చూద్దాం. కొందరు ఖురైష్ యువకులు ఒక పక్షిని కట్టి నిలబెట్టి, దానికి గురిచూసి బాణాలు వేస్తుండగా హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆ దారిన వచ్చారు. ఆయన్ని చూడగానే వాళ్ళు చెల్లాచెదురయ్యారు. ప్రాణమున్న దేన్నయినా గురిగా చేసుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని ఆయన చెప్పారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

బాణానికీ గులకరాయికీ పోలికేమిటని కొందరు అడగవచ్చు. దెబ్బలో తేడా ఉంది, నిజమే. కాని రెండు చోట్లా ఆ ప్రాణికి తప్పించుకుని పోయే దారి లేదు. అడవిలో పులి మీద రాయి వేసే ధైర్యం మనలో ఎవరికుంది? కందకం ఉంది కాబట్టే మన చేతికి ఆ ధైర్యం వచ్చింది. బలహీనుడి పట్ల మన ప్రవర్తన ఎలాంటిదో తెలియాలంటే, వాడు ఎదురు తిరగలేని చోట మనం ఏం చేస్తామో చూసుకోవాలి. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జూలోని జంతువులను ఏడిపించడం, గాయపరచడం, మనంతట మనం తిండి పెట్టడం, శబ్దాలు చేసి బెదరగొట్టడం నేరం. తెలియక చేశామనవచ్చు. కాని దైవభీతి గలవాడు చట్టం చెప్పేవరకూ ఆగనవసరం లేదు.

తలుపు మూసినవాడి బాధ్యత

భోజనాలయ్యాక మా పెద్దమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. "రాయి వేయడం తప్పే అమ్మీ. మరి అసలు దాన్ని అక్కడ బంధించడం తప్పు కాదా?"

ఇది తేలిగ్గా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. భూమ్మీద సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనలాంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా 38వ ఆయతులో అల్లాహ్ తెలియజేశాడు. వాటికీ ఒక జీవన విధానం ఉంది. వాటి ప్రభువూ మన ప్రభువూ ఒక్కడే.

అయితే పక్షినో జంతువునో మన దగ్గర ఉంచుకోవడం పూర్తిగా నిషిద్ధం కూడా కాదు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ చిన్నపిల్లవాడు. అతని దగ్గర ఒక బుల్లి పిట్ట ఉండేది. అది చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఆ పిట్ట సంగతి అడుగుతూ అతన్ని ఆప్యాయంగా పలకరించారు. పిట్టను ఉంచుకున్నందుకు మందలించలేదు. దీన్నిబట్టి, బాధించకుండా, లోటు రానీయకుండా పక్షిని ఉంచుకోవడం సమ్మతమేనని పలువురు విద్వాంసులు అభిప్రాయపడ్డారు.

మరోవైపు మనందరికీ తెలిసిన హదీసు ఉంది. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. దానికి తాను తిండి పెట్టలేదు. నేలమీది పురుగూ పుట్రా తిని బతకమని వదిలిపెట్టనూ లేదు. అది చనిపోయింది. ఆ కారణంగా ఆమె నరకం పాలయిందని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

ఈ హదీసును చిన్నప్పటి నుండీ వింటున్నాం. కాని ఒక్క విషయం గమనించండి. ఆమె పిల్లిని కొట్టినట్లు అందులో లేదు. ఆమె తలుపు మూసింది, ఆపైన దాని అవసరాన్ని పట్టించుకోలేదు. అంతే. తలుపు మూసినవాడు, ఆ తలుపు తెరిచి ఉంటే ఆ ప్రాణి తనకు తాను చేసుకోగలిగే పనులన్నీ తన మీద వేసుకున్నట్లే. తిండి, నీరు, నీడ మాత్రమే కాదు. తిరగడానికి చోటు, నలుగురి కళ్ళ నుండి తప్పుకోవడానికి ఒక మూల, తోడు, నిద్ర – ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వారానికి ఒక రోజు జూను సందర్శకులకు మూసి ఉంచాలనే నియమం ఉన్నది కూడా ఇందుకే కదా!

ఇప్పుడు మా వాడి టిక్కెట్టు సంగతి తేలుతుంది. తలుపు మూసింది జూ వాళ్ళు, మనం చూసిపోయేవాళ్ళమే అని తప్పించుకోవడానికి వీల్లేదు. మనం చూడాలనే ఆ తలుపు మూశారు. టిక్కెట్టు కొన్న క్షణం నుండి ఆ బాధ్యతలో మనమూ భాగస్వాములం. అంటే ఆ టిక్కెట్టు మనకు పులిని నిద్రలేపే హక్కు ఇవ్వలేదు. పులి నిద్రను కాపాడే బాధ్యతలో కొంత మన మీద పెట్టింది.

చూపులో ఇబాదత్

అలాగని జూలన్నీ మూసేయాలా? దానికి కూడా న్యాయంగానే జవాబు చెప్పుకోవాలి. అడవులను నరికింది, నీటి మడుగులను పూడ్చింది మనుషులమే. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, చచ్చిన గొడ్ల మాంసం ద్వారా రాబందుల ఒంట్లో చేరి వాటి మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించేనాటికే మన దేశపు రాబందుల్లో అత్యధిక భాగం నశించిపోయాయి. మిగిలిన కొన్నింటిని పెంచి, సంతతిని నిలిపే కేంద్రాల్లో ఒకటి హైదరాబాదు జూలోనే ఉంది. కుందేలంత ఉండే మూషిక జింకలను 2010 నుండి ఇక్కడే పెంచుతూ, కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. తిరిగి ఇచ్చేయడానికి దాచి ఉంచడం అమానతు అవుతుంది. కేవలం తమాషా కోసం బంధించి ఉంచడం అమానతు అనిపించుకోదు. ఏ జూ విషయంలోనైనా మనం అడగవలసింది ఇదే.

ఇదే జూలో ఒక పెద్ద గలపాగోస్ తాబేలు ఉండేది. 2024 మార్చిలో అది చనిపోయినప్పుడు దాని వయసు సుమారు 125 ఏళ్ళని చెప్పారు. మా పెద్దలు పిల్లలుగా వచ్చి దాన్ని చూశారు. మేము చూశాం. మా పిల్లలు చూశారు. మూడు తరాలు దాని ముందు నుండి వేరుశనగలు తింటూ నడిచిపోయాయి. దాన్ని చూసి మేము ఎవరిని తలచుకున్నాం? సృష్టికర్తనా? లేక, 'అబ్బ, ఎంత పెద్దదో' అనుకుని ముందుకు సాగిపోయామా?

చూడమని అల్లాహ్‌యే మనకు చెప్పాడు. ఒంటె ఎలా సృష్టించబడిందో చూడరా అని గాషియా సూరాలో ప్రశ్నించాడు. నిలబడి, నోరు మూసుకుని, ఆలోచిస్తూ చూసే చూపు ఇబాదత్ అవుతుంది. ఆ చూపు చూడడానికి పులి లేవనక్కర లేదు. నిద్రపోతున్న పులి చారల్లో కూడా దాన్ని సృష్టించినవాడి పనితనం కనబడుతూనే ఉంటుంది.

ఇంటి వరండాలో

మర్నాడు తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్లలకు పిల్లి హదీసు వివరంగా చెప్పాం. ధర్మం బోధించామన్న తృప్తితో ఇల్లు చేరాం. పక్కింటి వాళ్ళు చిలుకను బాగానే చూసుకున్నారు, గింజలున్నాయి, నీళ్ళున్నాయి. రాయి విసిరిన మా చిన్నవాడే పంజరం ముందు నిలబడి అడిగాడు: "అబ్బాజాన్, మిట్టూ తలుపు మూసింది మనమే కదా?"

మా దగ్గర సమాధానాలు లేకపోలేదు. మేము దాన్ని ప్రేమగా చూస్తాం. జామపండు, పచ్చిమిరపకాయ ఏనాడూ మానలేదు. అది మా పేర్లు పిలుస్తుంది. కాని ఆ పంజరంలో అది రెక్కలు పూర్తిగా విప్పలేదు. దాన్ని అమ్మినవాడికి అది ఎక్కడి నుండి వచ్చింది? చెట్టు తొర్రలోని గూటి నుండి. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకుంటే తల్లి పిట్ట రెక్కలు కొట్టుకుంటూ చుట్టూ తిరిగింది. దాని పిల్లలను తీసి దాన్ని బాధపెట్టింది ఎవరని దైవప్రవక్త (స) అడిగి, తిరిగి ఇచ్చేయమన్నారు. అబూదావూద్‌లోని ఈ హదీసు మాకు తెలియనిది కాదు. అయినా మేము డబ్బిచ్చి ఆ పిల్లను కొన్నాం. మేము కొన్నాం కాబట్టే అమ్మినవాడు మళ్ళీ ఆ తొర్ర దగ్గరకు వెళ్ళి ఉంటాడు. మన దేశపు రామచిలుకలను పంజరంలో పెంచడం చట్టప్రకారం కూడా నేరమే.

తలుపు తెరిచి వదిలేద్దామా అంటే, పంజరంలో పెరిగిన పక్షి కాకులకో పిల్లికో చిక్కుతుంది. అది కూడా బాధ్యత వదిలించుకోవడమే అవుతుంది గాని తీర్చుకోవడం కాదు. చివరికి అటవీశాఖ వారి దగ్గరకు తీసుకువెళ్ళి, జరిగింది జరిగినట్లు చెప్పి అప్పగించాం. సిగ్గుగానే ఉంది. చిన్నవాడు దారంతా ఏడ్చాడు. దాని రెక్కల్లో మళ్ళీ బలం వచ్చిందో లేదో, అది ఎగిరిందో లేదో మేము చూడలేదు. ఆలస్యంగా చేసిన మంచిపనిలో ఈ వెలితి ఉండనే ఉంటుంది.

ఖాళీ అయిన పంజరాన్ని వరండా నుండి తీసేసి, డాబా మీద ఒక మట్టి మూకుడులో నీళ్ళు పోసి పెడుతున్నాం. దప్పికతో ఉన్న కుక్కకు నీళ్ళు తాగించినవాడి పాపాలు క్షమించబడ్డాయని, ప్రాణమున్న ప్రతి జీవికీ చేసే మేలులో పుణ్యం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు కదా! పిచ్చుకలు వస్తాయి. అప్పుడప్పుడు చిలుకలూ వస్తాయి. తాగి ఎగిరిపోతాయి. నీళ్ళు పోసే పని చిన్నవాడిదే.

సోదర సోదరీమణులారా! రాబోయే పండుగకు మీరు కూడా పిల్లలను జూకు తీసుకువెళ్ళండి. తప్పకుండా తీసుకువెళ్ళండి. కాని గేటు దగ్గర టిక్కెట్టు వాళ్ళ చేతికి ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పండి: ఇది మన తమాషాకు వెల కాదు, మన మీద పడిన బాధ్యతకు రసీదు. ఇంటికి వచ్చాక మీ వరండాలో మీరు మూసిన తలుపు ఏదైనా ఉందేమో ఒకసారి చూసుకోండి.

మన ఆధీనంలో ఉన్న ప్రతి ప్రాణి విషయంలోనూ పరలోకంలో లెక్క చెప్పుకోగలిగేలా జీవించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.