నాది అన్నది ఎంత?

పేటెంట్ వకీలు చేసే పనేమిటని అడిగితే సెక్షన్ల పేర్లు చెప్పను. ఎదుటి మనిషి "ఇది నాది" అంటూ పట్టుకొచ్చినదాంట్లో నిజంగా అతనిది ఎంతో తేల్చి, అంతవరకే కాగితం మీద పెట్టడం అంటాను. కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్ కేసులతోనే నా జుట్టు నెరిసింది. ఆ "ఎంత" దగ్గర తడబడని మనిషిని మాత్రం నేనింకా చూడలేదు. కంపెనీ అధిపతి తడబడ్డాడు, ప్రొఫెసరు తడబడ్డాడు, పదో తరగతి దాటి నాలుగేళ్లు కాని పిల్లవాడూ తడబడ్డాడు. అందరూ ఒకే వైపుకు తడబడరన్న సంగతి తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మాది బాసర. చదువు మొదలుపెట్టాలంటే దేశంలో ఎక్కడెక్కడివాళ్లో పిల్లల్ని చంకనేసుకుని వచ్చే ఊరు. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగు చదివి, కొన్నాళ్లు సర్క్యూట్ బోర్డులు గీసి, సాయంత్రం కాలేజీలో లా పూర్తిచేసి, పేటెంట్ ఏజెంటు పరీక్ష రాశానని తెలిసినప్పుడు మా పాత బడిపంతులు ఒక్క మాటన్నారు: "సరస్వతమ్మ ఊళ్లె పుట్టి, చదువుకు కంచె ఏసే కొలువు పట్టినవా బిడ్డా?" గుడిలో అమ్మవారి పక్కన లక్ష్మి కూడా ఉంది కదా సార్ అని నవ్వి తప్పుకున్నాను. జవాబైతే చెప్పానుగానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వకాలతు పుచ్చుకున్న ప్రతిసారీ ఎంతోకొంత అడుగుతూనే ఉంది.

నిజానికి పేటెంటు అంటే కంచె ఒక్కటే కాదు, ఇచ్చిపుచ్చుకునే బేరం. నువ్వు కనిపెట్టినదాన్ని దాచుకోకుండా రాసివ్వు, ఆ రంగంలో ఓ మోస్తరు పనితనం ఉన్నవాడు అది చదివి తానూ చేయగలిగేంత వివరంగా రాసివ్వు. బదులుగా దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు నీ అనుమతి లేకుండా ఎవరూ దాన్ని వ్యాపారానికి వాడకుండా చూస్తాం అంటుంది ప్రభుత్వం. నీకు తెలిసినవాటిలో మేలైన పద్ధతినే రాయాలి. మామూలుగా పద్దెనిమిది నెలలకు ఆ కాగితం లోకానికి తెరుచుకుంటుంది. గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. చదువుకు అసలైన కంచె రహస్యమే. తండ్రి కొడుక్కి చెవిలో చెప్పి, కొడుకు చెప్పకముందే పోతే అక్కడితో ఆగిపోయే విద్యలు మన పల్లెల్లో ఎన్ని లేవు? పంతులుగారికి ఈపాటి జవాబు ఆ రోజే చెప్పి ఉండొచ్చు. అయినా అది సగం జవాబే.

రాసి ఉండటమన్నదానికి ఎంత బలముందో మా తరానికి చెప్పింది పసుపు. గాయాలను మాన్పే గుణం పసుపుకు ఉందంటూ 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు. మా దిక్కున వేలు తెగితే ముందు చేయి పోయేది పసుపు డబ్బామీదికే. బాసరలోనైతే అమ్మవారి ముఖానికి పూసిన పసుపును చదువు వస్తుందని పిల్లల నాలుకకు రాస్తారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. ఆ పేటెంటును సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఏ ఆధారంతో? కోట్లమంది వాడుతున్నారన్న సాక్ష్యంతో కాదు. పరాయి దేశంలో జనం వాడుకలో ఉన్నంత మాత్రాన అప్పటి అమెరికా చట్టానికి చాలదు, ఎక్కడో అచ్చయి ఉండాలి. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలతో సహా 32 ఆధారాలు వెతికి ముందుపెట్టాకే పని జరిగింది. మా అవ్వకు తెలిసింది తెలిసినట్టు కాలేదు. ఎవరో ఏనాడో రాసిపెట్టింది తెలిసినట్టయింది. అన్యాయమే అది. ఆ అన్యాయం నుంచే నేను నా వృత్తిలో మొదటి పాఠం నేర్చుకున్నాను: నీది ఎంతో తేల్చాలంటే ముందు ఇతరులది ఎంతో వెతకాలి.

ఆ వెతుకులాటలో ఒక మనిషి "నాది" ఎలా చిక్కిపోతుందో చూపిస్తాను. క్లయింటు గుట్టు బయటపెట్టకూడదు కాబట్టి వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను. మా గోదావరి దిక్కు రైతు ఇంటి కుర్రాడొకడు పొలం మోటారు కోసం ఒక పెట్టె చేశాడు. నాకు రాసిచ్చిన మొదటి వాక్యం ఇది: "సెల్‌ఫోనుతో వ్యవసాయ మోటారును నడిపే పరికరం." అంటే ప్రపంచంలో ఫోనుతో నడిచే ప్రతి మోటారూ తనదే! అలాంటివి అప్పటికే బోలెడున్నాయి. రెండోసారి రాశాం: "మోటారు లాగే కరెంటును కొలుస్తూ, బోరులో నీళ్లు అయిపోయి ఆంపియర్లు పడిపోగానే దాన్ని ఆపే పరికరం." అదీ ఎవరో చేసేశారు. పేటెంటు ఆఫీసు పరీక్షాధికారి పంపిన అభ్యంతరాల లేఖలో పాత పేటెంట్ల నంబర్లు వరసగా ఉన్నాయి. కుర్రాడి ముఖం వాడిపోయింది. "గట్లయితే నాదేం లేనట్టేనా సార్?"

"పెట్టెను పొలంలో పెట్టినంక ఏమైంది, మొదటినుంచి చెప్పు" అన్నాను. చెబుతూ చెబుతూ మధ్యలో, తనకది పెద్ద విషయంగా తోచకుండానే, ఒక ముక్క అన్నాడు. నీళ్లు ఆగినప్పుడు ఆంపియర్లు ఒక్కసారిగా పడిపోయాయా, మెల్లగా తగ్గుతూ వచ్చాయా అనేదాన్ని బట్టి బోరులో మళ్లీ నీళ్లు ఊరడానికి ఎంతసేపు పడుతుందో ఆ పెట్టె అంచనా కడుతుందట. అంతసేపూ ఆగి, అప్పుడు మాత్రమే మళ్లీ మోటారు వేస్తుంది. అంచనా తప్పితే మరుసటిసారికి దిద్దుకుంటుంది. "ఇది ఎక్కడ చూసి చేశావు?" అని అడిగితే, "చూసుడేంది సార్, మా బాపు గట్లనే జేస్తడు. మోటారు సప్పుడు విని ఎంతసేపటికి నీళ్లు ఊరుతయో చెప్తడు" అన్నాడు. ఫోను తనది కాదు, రిలే తనది కాదు, చిప్ తనది కాదు, ఆంపియర్లు కొలవడం తనది కాదు. తండ్రి చెవికి తెలిసినదాన్ని లెక్కలోకి దించి యంత్రానికి నేర్పిన ఆ ఒక్క మెలిక తనది. చివరికి నిలబడిన వాక్యం మొదటిదానికి నాలుగింతలు పొడవు. అందులో హక్కు మాత్రం పావు వంతు కూడా లేదు. పొలం గెట్టు కొలిపించుకున్నట్టే ఇది కూడా. హద్దురాయి లోపలికి జరిగినప్పుడల్లా ప్రాణం చివుక్కుమంటుంది. కొలత పూర్తయ్యాక మిగిలిన జాగా మీద మాత్రం ఎవడూ నోరెత్తలేడు.

ఆ మెలికలో లెక్క ఉంది కాబట్టి మరో గండం ఎదురైంది. గణిత పద్ధతులకు, వ్యాపార పద్ధతులకు, అల్గారిథమ్‌లకు, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాములకు పేటెంటు లేదంటుంది మన 1970 నాటి పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె). ప్రోగ్రాముల మాట 2002 సవరణతో చేరింది. దాన్ని సడలించాలని 2004లో ఆర్డినెన్సు తెస్తే 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. ఆ తర్వాత పేటెంటు ఆఫీసు మార్గదర్శకాలు 2015లో ఒకలా, 2016లో మరోలా, 2017లో ఇంకోలా వచ్చాయి. సాంకేతికంగా ఒక ఫలితం కనబడుతుంటే ప్రోగ్రామున్నంత మాత్రాన తోసిపుచ్చకూడదని ఫెరిద్ అల్లానీ కేసులో 2019లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మా కుర్రాడి లెక్క మోటారును కాలిపోకుండా కాపాడుతోంది కాబట్టి గట్టెక్కింది. అన్నీ అలా గట్టెక్కవు, ఎక్కకూడదు కూడా. ఉత్త లెక్కకు ప్రాసెసర్, మెమరీ, డిస్‌ప్లే అనే పేర్లు తొడిగి యంత్రంలా నిలబెట్టే విద్య మా వృత్తిలో ఉంది. అది తెలియనివాడు ఈ పనికి పనికిరాడు. దాన్ని ఎక్కడ ఆపాలో తెలియనివాడి వల్ల నష్టం అతనొక్కడికే కాదు. రెండు రెళ్లు నాలుగనేదానికి పట్టా ఇస్తే రేపు పలక పట్టిన ప్రతి పిల్లా కౌలు కట్టాలి. ఈ ఒక్క చోట మా పంతులుగారు, చట్టం ఒకే మాట మీద ఉన్నారు.

ఇక "నాది" అన్నది తేలాక కూడా అది ఎవరిదన్న చిక్కు మిగులుతుంది. ఉద్యోగంలో కనిపెట్టినదానికి ఇంజినీరు పేరు ఆవిష్కర్తగా ఉంటుంది. హక్కు బదిలీ పత్రం మీద అతని సంతకంతో కంపెనీకి పోతుంది. హైదరాబాదులో ఈ సంతకం విలువ ఎంతో అందరికీ తెలిసింది ఉపెయిడ్ కేసుతో. ఆ విదేశీ కంపెనీకి మన సత్యం కంప్యూటర్స్ ఇంజినీర్లు కొందరు పనిచేసిపెట్టారు. తర్వాత ఆ పేటెంట్లతో ఉపెయిడ్ అమెరికాలో దావాకు వెళితే, బదిలీ పత్రాల మీద కొందరి సంతకాలు అసలైనవేనా అన్న వివాదం లేచింది. ఉపెయిడ్ సత్యం మీద దావా వేసింది. 2009 చివర్లో 7 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఏడు కోట్ల డాలర్ల తగాదాకు మూలం యంత్రం పనిచేయకపోవడం కాదు, ఒక కాగితం అడుగున ఉన్న పేరు. ఇప్పటికీ మొదటిరోజే బదిలీ పత్రం ముందుపెట్టి "చదివాకే సంతకం పెట్టండి" అంటాను. నూటికి తొంభై మంది చదవరు. తాము చేసినది తమ చేతి నుంచి జారిపోయే క్షణం అదేనని వాళ్లకు తోచదు.

ఇంత శ్రమపడి తేల్చుకున్న హద్దు కాలం ముందు ఎంతసేపు నిలుస్తుంది? మందుల కంపెనీకి 20 ఏళ్లు చాలవు, ఎలక్ట్రానిక్స్‌వాడికి అది ఒక యుగం. చిప్ లేఅవుట్ల కోసం 2000లో వేరే చట్టం చేసి 10 ఏళ్ల రక్షణ ఇచ్చారు. పదేళ్ల కిందటి చిప్ నేడు ఎవరికి కావాలి? కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో మా రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. అర్ధరాత్రి కరెంటొస్తే మోటారు దానంతటదే లేచేది. 2018 జనవరి నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు వచ్చేసరికి, భూమిలో నీళ్లు వట్టిపోతాయి, ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే చెప్పింది. అవసరం తలకిందులైతే ఎంత గట్టి పేటెంటయినా ఫైల్లో కాగితమే. "నాది" అనిపించుకోవడానికి ఏళ్లు పట్టింది, "ఎవరికీ అక్కర్లేదు" అనిపించుకోవడానికి ఒక్క సర్కారు ప్రకటన చాలింది.

"నాది" అనిపించుకోవడానికి ఇలా తంటాలుపడేవాళ్లకు పూర్తిగా అవతలి ఒడ్డున, తమదాన్ని ఇచ్చేసేవాళ్లూ ఉన్నారు. అక్షరాల మీద ఎవరికీ హక్కు లేదు, వాటిని కంప్యూటరు తెర మీద గీసే ప్రోగ్రాముకు మాత్రం హక్కుదారు ఉండవచ్చు. మన కాపీరైటు చట్టం ప్రోగ్రామును సాహిత్య రచనల్లోనే చేర్చింది. పద్యానికి ఎంత గడువో దానికీ అంతే, రచయిత పోయాక కూడా 60 ఏళ్లు. అయినా తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే తెలుగు ఫాంట్లు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. నెట్‌లో తెలుగు రాయడం మొదలుపెట్టిన తొలి తరంలో చాలామంది వాటితోనే రాశారు. ఇచ్చేయడం కూడా ఒక హక్కేనని నేను క్లయింట్లకు చెబుతుంటాను. తనది అని తెలిసినవాడే ఇవ్వగలడు. తనదని తెలియక వదులుకున్నది దానం కాదు, పోగొట్టుకోవడం.

ఈ తేడా నాకు బాగా తెలిసొచ్చింది మా ఊళ్లోనే. 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లెల్లో సర్కారు బడుల్లో చదివిన పిల్లలు పదో తరగతి కాగానే వచ్చి ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజినీర్లయ్యే చోటు. ఊరికి వెళ్లినప్పుడు అలాంటి పిల్లలు కొందరు తమ ప్రాజెక్టులు చూపించేవారు. నగరంలో నా దగ్గరికి వచ్చే కంపెనీలు ఆకాశమంతా మాదే అంటాయి; వాళ్ల హద్దును వెనక్కి జరపడమే నా పని. ఇక్కడ తిరగబడింది. ఒక అమ్మాయి చేసినదాంట్లో నిజంగానే కొత్తది కనబడి "దీన్ని ఎక్కడైనా ఫైల్ చేశావా?" అంటే, "గిదేముంది సార్, ఎవలైనా జేస్తరు" అంది. వీడియో తీసి అప్పటికే యూట్యూబ్‌లో పెట్టేసింది కూడా. మన చట్టంలో అలా బయటపెట్టినదానికి కొత్తదనం పోతుంది. ప్రభుత్వం గుర్తించిన ప్రదర్శనల్లాంటి కొన్నిటికే పన్నెండు నెలల వెసులుబాటు. ముందు ఒక తాత్కాలిక దరఖాస్తు పెట్టి ఉంటే, పూర్తి వివరం ఇవ్వడానికి సంవత్సరం గడువు దొరికేది. ఒక మనిషి సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే ఫీజు 1,600 రూపాయలు.

డబ్బు పోయిందని కాదు నా బాధ. ఆ పరికరంతో ఆమె కోటీశ్వరురాలు అయ్యేదని నేను అనుకోను. తనది కానిదాన్ని తనదనుకునేవాణ్ని లోకం లోభి అంటుంది. తనదాన్ని తనది కాదనుకునేవాళ్లను అణకువ గలవాళ్లని మెచ్చుకుంటుంది. నా వృత్తి లెక్కలో ఇద్దరి కొలతా తప్పే. మొదటివాడి వల్ల పక్కవాళ్ల గెట్టు చెరిగిపోతుంది. రెండోవాళ్ల వల్ల లోకానికి తెలియకుండా పోయేది ఇంకా పెద్దది: ఈ పని ఒక పల్లెటూరి పిల్ల బుర్రలోంచి వచ్చిందన్న నిజం. పసుపు దగ్గర మా అవ్వకు జరిగింది అదే. తెలిసింది, రాసి లేదు కాబట్టి తెలియనట్టయింది.

మా పంతులుగారు ఉంటే ఆ మిగిలిన సగం జవాబు ఇప్పుడు చెప్పేవాణ్ని. సార్, నేను వేసేది కంచె అన్నది నిజమే, కాదనను. కానీ వేసే ముందు కొలుస్తాను. కొలిచిన ప్రతిసారీ ఎంత గొప్పవాడి వాటా అయినా జానెడే వస్తుంది, మిగతాదంతా ముందువాళ్ల బాకీ. ఆ జానెడును మాత్రం, అది ఎవరిదైనా సరే, వాళ్ల పేరుతో రాయించే దాకా ఊరుకోను.