పాప వినే తెలుగు

ఒరే నాన్నా, నీకు కోపం వస్తోందని నేను తప్పుపట్టడం లేదు. చీకటితో లేచి 'ఏ' షిఫ్టుకి వెళ్లి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇల్లు చేరేవాడికి పిల్ల అల్లరి చిరాకు తెప్పిస్తుంది. ఆ డ్యూటీలు నేనూ చేశాను. అయితే పాపమీద నువ్వు వాడుతున్న మాటల గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఫోన్‌లో చెబితే "సరే తాతయ్యా" అని పెట్టేస్తావు. నీకు అక్షరాలు దిద్దించింది నేనే కాబట్టి, కూడబలుక్కునైనా ఈ ఉత్తరం చదువుతావని రాస్తున్నాను.

కటువుగా మాట్లాడటమంతా ఒకటే అనుకోకు. కసురుకోవడం అలసటలోంచి వస్తుంది, మంచినీళ్లు తాగేలోగా పోతుంది. మందలింపు ఏం తప్పు జరిగిందో చెప్పి ఊరుకుంటుంది. చీవాట్లు తిన్నవాళ్లు ఓ పూట మొహం మాడ్చుకుంటారు, సాయంత్రానికి మామూలే. నిష్ఠూరాలైతే మనసుకి దగ్గరైనవాళ్లే ఆడతారు. శుభకార్యానికి పిలవలేదని ఎవరైనా నిష్ఠూరమాడితే, మనమీద వాళ్లకి ఇంకా ప్రేమ ఉన్నట్టే లెక్క.

నాకు భయమల్లా దెప్పిపొడుపంటేనే. "మొన్నా ఇంతే చేశావు, నువ్వెప్పుడూ ఇంతే" అంటావు చూడు, అది. అయిపోయిన తప్పుని తవ్వి తీసి ఇవాళ్టి తప్పుకి అతికించడం. ఎత్తిపొడుపు దానికన్నా చెడ్డది. మొన్న పాప పాలగ్లాసు ఒలకబోస్తే "ఆహా, ఎంత పనిమంతురాలివమ్మా!" అన్నావు. పిల్ల నవ్వింది. నువ్వు మెచ్చుకున్నావనుకుంది. నీ మొహం చూసింది, వాళ్లమ్మ మొహం చూసింది, అప్పుడు ఏడ్చింది. తిట్టి ఉంటే అంత ఏడ్చేది కాదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వాక్పారుష్యానికి ఒక అధ్యాయమే ఉంది. ఒంటికన్నువాణ్ణో కుంటివాణ్ణో ఆ లోపం పేరుపెట్టి కించపరిస్తే, అది ఉన్నమాటే అయినా 3 పణాల జరిమానా. లేని లోపం అంటగడితే 6. కన్ను లేనివాణ్ణి పట్టుకుని "ఎంత చక్కని కళ్లో!" అని పొగిడినట్టు వెక్కిరిస్తే 12 పణాలు. అబద్ధపు తిట్టుకన్నా వెటకారపు పొగడ్తకి రెట్టింపు! పన్నులూ కోటలూ సైన్యాల లెక్కలు రాసినవాడు, ఏ మాట ఎంత లోతుకి దిగుతుందో కూడా అంత నిక్కచ్చిగా తూచాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. జ్యేష్ఠ శుద్ధ దశమినాడు నదిలో మునిగి పోగొట్టుకోమని పెద్దలు చెప్పిన పది పాపాల్లోనూ నాలుగు నోటితో చేసేవే. పరుషంగా మాట్లాడటం వాటిలో ఒకటి. మీ నాయనమ్మ ఓపిక ఉన్నన్నాళ్లూ ఆ రోజు సోనారి దోముహానీకి, ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసేచోటికి, వెళ్లి మునిగి వచ్చేది.

అలాగని నోరు కట్టుకుని కూర్చోమనను. 18వ శతాబ్దంలో మన విజయనగరం వైపు అడిదం సూరకవి అని ఉండేవాడు. ఎంతటివాడినైనా పద్యంలో ఏకవచనంతోనే పిలిచేవాడు. పూసపాటి సీతారామరాజు అదేమిటని అడిగితే, 'రా' అనడం అందగించే చోట్లు నాలుగున్నాయని పద్యంలోనే జవాబిచ్చాడని చెప్పుకుంటారు. చిన్నతనంలో, ఆలుమగల ఏకాంతంలో, కవిత్వంలో, యుద్ధంలో. ఆ యుద్ధం పక్కన నేను ఫర్నేసుని కూడా చేరుస్తాను. నెత్తిమీద క్రేన్ కదులుతుంటే కింద ఉన్నవాణ్ణి "ఏమండీ" అని పిలిచే తీరిక ఎక్కడిది? "ఒరే, తప్పుకో!" అని గొంతు చించుకోవాలి. ఆ కేక విని తప్పుకున్నవాడు సాయంత్రం నీకు టీ ఇప్పిస్తాడు. ఆ గొంతుని గేటు దగ్గరే వదిలేసి ఇంటికి రావాలి నాన్నా. నువ్వు దాన్ని క్వార్టర్స్‌లోకి తెచ్చుకుంటున్నావు. మీ నాయనమ్మ కూడా "నీ జిమ్మడిపోనూ, మళ్లీ వానలో తడిశావా" అనేది, గుర్తుందా? అంటూనే చెంగుతో నీ తల తుడిచేది. ఆ చెయ్యి తలమీద ఉండబట్టే ఆ మాట నిన్ను నొప్పించలేదు.

ఈ ఊళ్లో మనకి ఇంకో చిక్కుంది. 1907లో టాటా ఉక్కు కంపెనీ పెట్టారు, తర్వాత సాక్చి చుట్టూ ఊరు లేచింది, కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెలనుంచి మనవాళ్లు పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. శ్రీకాకుళంలో తండ్రి తిట్టిన పిల్ల వీధిలోకి వెళ్తే, పక్కింటి పిన్ని "ఏటమ్మా, ఏడుస్తున్నావు?" అని దగ్గరకి తీస్తుంది. మెత్తటి తెలుగు కూడా దానికి దొరుకుతుంది. ఇక్కడ బడిలో హిందీ, ఇంగ్లీషు. ఆటల్లో హిందీ. పక్కింట్లో బెంగాలీ. పాప చెవినపడే తెలుగంతా మీ ఇద్దరి నోటినుంచి వచ్చేదే. అందులో నువ్వు ముద్దు చేసేది "బేటా" అని, కోప్పడేది తెలుగులో. గోడ అవతలివాళ్లకి అర్థం కాదన్న ధైర్యం కూడా నీకుంది. మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమవుతుంది.

పోయినవారం పాప బొమ్మతో ఆడుకుంటుంటే పక్కనే కూర్చున్నాను. బొమ్మకి అన్నం పెట్టింది హిందీలో. జోల పాడింది హిందీలో. ఆ బొమ్మ పక్కకి ఒరిగి పడిపోయేసరికి వేలు చూపించి, "ఎన్నిసార్లు చెప్పాలే నీకు? బుర్ర లేదా?" అంది. అచ్చం నీ గొంతు. ఆ పూట మొత్తంలో పాప మాట్లాడిన తెలుగు అదొక్కటే. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదురా.

కాబట్టి కోపం వచ్చినప్పుడు జరిగిన తప్పు ఒక్కటే చెప్పు. "గ్లాసు అంచున పెట్టకమ్మా, లోపలికి జరుపు." అక్కడితో ఆపు. ఒకవేళ నోరు జారి తిట్టేశావనుకో, "సారీ బేటా" అని ఊరుకోకు. ఒళ్లో కూర్చోబెట్టుకుని "నా బంగారు తల్లివి కదూ" అని తెలుగులోనే బుజ్జగించు. మొదట్లో నీకే కొత్తగా ఉంటుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది. ఈ ఆదివారం నీకు డ్యూటీ లేకపోతే పాపని బిస్టుపూర్ రామమందిరానికి తీసుకురా. పొద్దుటే మేం ముసలివాళ్లం నలుగురం అక్కడ చేరతాం. కబుర్లు చెప్పడానికి మాకు కావలసినంత తీరిక ఉంది.