లంకెబిందెల పెరడు

అనగనగా ఓ మెట్ట ఊళ్లో ముగ్గురన్నదమ్ములు. పేరయ్య, వీరయ్య, సూరయ్య. వాళ్ల తాత పోయేముందు మాట పడిపోయి, పెరటివైపు వేలు చూపించి కన్నుమూశాడు. దాహమై చూపించాడో, గొడ్డు కట్టు తెంచుకుందని చూపించాడో ఎవరికెరుక? ఊరు మాత్రం లంకెబిందెలని తేల్చేసింది.

పేరయ్య నమ్మేశాడు. శుక్రవారం శుక్రవారం పెరట్లో దీపం పెట్టాడు. అంజనం వేసేవాణ్ణి పిలిపించి నల్లకోడిని సమర్పించుకున్నాడు. బిందెలు బయటపడగానే తీరుస్తానని షావుకారుకి నోటు రాసిచ్చాడు. మనిషి మాత్రం మంచివాడు. దీపం పెట్టిన రోజున గుమ్మంలోకొచ్చిన బిచ్చగాణ్ణి ఉత్తచేతులతో పంపేవాడు కాడు.

సూరయ్య ఆ పెరట్లోనే ఓ పక్క వంగనారు నాటుకున్నాడు. కరణంగారు అరుగుమీంచి పలకరించారు.

"ఏరా సూరీ, బిందెలు లేవంటున్నావటగా?"

"ఎవరూ చూళ్లేదు కదా బాబుగారూ. కనబడ్డనాడు ఒప్పుకుంటాను."

"ఉన్నాయన్నది మీ అన్న నమ్మకం, లేవన్నది నీ నమ్మకం. రెండూ నమ్మకాలే కదరా!"

"ఏం చూస్తే ఉన్నాయని ఒప్పుకుంటానో నేను చెప్పాను. ఏం చూస్తే లేవని ఒప్పుకుంటాడో పెద్దన్నయ్యని కూడా అడగండి."

పేరయ్య తడుముకోలేదు. "పెరడంతా తవ్వినా దొరక్కపోతే జరిగాయని అర్థం. లంకెబిందెలు భూమిలో నడుస్తాయండీ. ప్రాప్తం లేనివాడికి బొగ్గులై కనిపిస్తాయి."

ఈ మాట వీరయ్య చెవినపడి ఒళ్లు మండింది. బిందెలు లేవని రుజువు చేసి అన్న నోరు మూయిస్తానని పలుగు పట్టాడు. సేద్యం కౌలుకిచ్చేశాడు. పగలల్లా తవ్వడం, రాత్రయితే రచ్చబండ దగ్గర బిందెల్లేవని ఉపన్యాసం. పేరయ్య పిల్లలు ఎదురైతే "బిందెల బుడతలు" అని ఎగతాళి. ఊళ్లో లంకెబిందెల మాట పేరయ్య నోట కంటే వీరయ్య నోటే ఎక్కువ వినిపించేది.

ఓ అర్ధరాత్రి పలుగు ఖంగుమంది. వీరయ్య చుట్టూ చూశాడు. వంగి తడమలేదు, లాంతరు తేలేదు. గబగబా మట్టి కప్పేసి, తెల్లారాక "అక్కడా తవ్వాను, ఏమీ లేదు" అన్నాడు.

ఆర్నెల్లకి సూరయ్య చిక్కుడు పందిరికి గుంజ పాతబోతే అక్కడే మళ్లీ ఖంగుమంది. అతను పార పక్కన పెట్టి అన్నలిద్దర్నీ, కరణంగార్నీ పిలుచుకొచ్చి వాళ్లముందే తవ్వాడు. బయటపడింది ఒక రాగి కాగు. అడుగున చిల్లు, లోపల మట్టి.

"బంగారం జరిగిపోయింది," అన్నాడు పేరయ్య.

"నే ముందే చెప్పలేదూ!" అన్నాడు వీరయ్య.

సూరయ్య కాగుకి మాటు వేయించి వంగమొక్కలకు నీళ్లు పోశాడు. కరణంగారు ఇంటికెళ్తూ అన్నారట: "నమ్మకస్తులు ఇద్దరని తేలింది. ఆ ఇద్దరెవరన్నదే నేను పొరబడ్డాను."

నీతి: ఉందనడమో లేదనడమో చూసి నమ్మకాన్ని కొలవకూడదు. పలుగు ఖంగుమన్నప్పుడు మనిషేం చేశాడో చూడాలి.

"నాస్తికత్వమూ ఒక మతమే" అనే మాటను మనవాళ్లు వాదన ఓడిపోయే వేళ ఆఖరి పాచికలా వేస్తారు. మీదీ నమ్మకమే అయితే మా నమ్మకాన్ని ప్రశ్నించే అర్హత మీకు లేదని దాని భావం. ఇందులో ఒక తమాషా ఉంది. ఎదుటివాణ్ణి తగ్గించడానికి ఆస్తికుడు వాడుతున్నది తాను గొప్పగా చెప్పుకునే విశ్వాసాన్నే! పైగా వీరయ్యలున్నారు కాబట్టే ఈ పాచిక కొంత పారుతోంది. మన హేతువాద సభల్లోనూ వాళ్లు తక్కువేం కాదు.

గోపరాజు రామచంద్రరావు, అంటే మన గోరా, సూరయ్య కోవలోని మనిషి. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. నాస్తికత్వం వల్ల 1933లో కాకినాడలో ఒక ఉద్యోగం, 1939లో బందరులో మరొకటి పోయాయి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకు తరలించారు. ఆయన భార్య సరస్వతి కడుపుతో ఉండగా గ్రహణం వేళ బయటికొచ్చి చూశారు. గ్రహణం మొర్రి భయంతో చూలాలిని కదలనివ్వకుండా పడుకోబెట్టే ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి. ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు. బోధకంటే ముందు పరీక్షకు నిలబడటమంటే అదే.

ఉద్యోగాలు వదులుకుని, అంటరానితనం మీద పోరాడి, సహపంక్తి భోజనాలు పెట్టించడానికి గోరాను నడిపించింది నమ్మకమే కదా అని అడగొచ్చు. మనుషులంతా సమానమన్న నిష్ఠ ఆయనకుంది. దాన్ని విశ్వాసమంటే నాకు అభ్యంతరం లేదు. కానీ అది వంగతోట మీది నిష్ఠ. బిందెలు లేవన్న మాటలోంచి వంగతోట దానంతటదే మొలవదు. దాన్ని ఎవరికి వారు నాటుకోవాలి. దీపం పెట్టే పేరయ్య బిచ్చగాడికి అన్నం పెట్టడం కూడా ఆ తోటలోని పనే. గాంధీజీ, గోరా కలుసుకున్నది అక్కడే. 1944లో సేవాగ్రాంలో మొదలైన ఆ చర్చల్లో ఎవరూ ఎవర్నీ మార్చలేదు. అయినా గోరా కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయమైతే, దేవుడి పేరు బదులు సత్యం పేరిట జరిపించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత 1948లో ఆ పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది.

చట్టాల సంగతి వేరు. 2005లో అమెరికాలో ఒక ఖైదీ జైల్లో నాస్తికుల అధ్యయన బృందం పెట్టుకుంటానంటే, మత స్వేచ్ఛ హక్కు వరకు నాస్తికత్వాన్ని మతంగానే చూడాలని ఫెడరల్ అప్పీలు కోర్టు అంది. దీన్ని పట్టుకుని "చూశారా, కోర్టే చెప్పింది" అనేవాళ్లున్నారు. గుడికెళ్లేవాడికి ఇచ్చే రక్షణ వెళ్లనివాడికీ ఇవ్వడానికి న్యాయమూర్తులు వాడుకున్న దారి అది. అంతకుమించి అందులో తత్వమేమీ లేదు.

మన రాజ్యాంగం ఆ చిక్కు పెట్టుకోలేదు. దేవుడి పేరిట ప్రమాణం చేయొచ్చు, లేదా ఆ పేరెత్తకుండా నిష్ఠతో ప్రతిజ్ఞ చేయొచ్చని మూడో షెడ్యూలులో రాసిపెట్టింది. న్యాయస్థానాల్లో సాక్షులకు 1969 నాటి ప్రమాణాల చట్టం అదే వెసులుబాటు ఇచ్చింది. బోనెక్కినవాడు దేవుడి సాక్షిగా అబద్ధమాడినా, దేవుడి ఊసు లేకుండా అబద్ధమాడినా శిక్ష ఒక్కటే: ఏడేళ్ల దాకా జైలు.