ఆకు చూపినవారికి వాటా ఏది?

బిళ్ళ గన్నేరు మన బడుల ఆవరణల్లో ఏడాది పొడవునా పూస్తుంది. రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు ఈ మొక్కలోంచే వచ్చిందని చెబితే మన వాళ్ళ నుంచి రెండు మాటలు వినిపిస్తాయి. "అయితే ఆకు నూరి తాగితే చాలు కదా" అన్నది ఒకటి. "ఇదంతా మన పెద్దలకు ఎప్పుడో తెలుసు, బయటివాళ్ళు ఎత్తుకుపోయారు" అన్నది రెండోది. ఈ రెండు మాటల్నీ మనం తూచి చూడాలి.

ముందు మందు ఎలా వచ్చిందో చూద్దాం. ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్ దీవి. అక్కడి నుంచి వేడి దేశాలన్నిటికీ పాకింది. జమైకా ప్రజలు దీని ఆకు కషాయాన్ని చక్కెర జబ్బుకు తాగేవారు. 1952లో అక్కడి నుంచి కొన్ని ఆకులు కెనడా చేరాయి. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకులు ఆ రసాన్ని ఎలుకల మీద పరీక్షించారు. చక్కెర తగ్గలేదు గానీ, రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోయాయి. రక్త క్యాన్సర్‌లో తెల్ల కణాలే అదుపు తప్పి పెరుగుతాయి. అలా దారి దొరికింది. 1958లో వాళ్ళు విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని ప్రకటించారు. ఇదే మొక్క మీద పనిచేస్తున్న అమెరికా కంపెనీ ఎలీ లిల్లీ పరిశోధకులు విన్‌క్రిస్టిన్‌ను వేరుచేశారు. 1963లో దాన్ని వాడటానికి అక్కడ అనుమతి వచ్చింది. అంతకుముందు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలు బతకడం చాలా అరుదు. ఇప్పుడు దీనితో పాటు మరికొన్ని మందులు కలిపి రెండు మూడేళ్ళు వైద్యం చేస్తే, మంచి వైద్యం అందే దేశాల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది పిల్లలు బతుకుతున్నారు.

ఇక మొదటి మాట. ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. ఈ మొక్కలో దానితో పాటు వందకు పైగా ఇతర ఆల్కలాయిడ్లు ఉంటాయి. కాబట్టి పసరులో మందు ఎంతో, విషం ఎంతో ఎవరూ చెప్పలేరు. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాలు ఏర్పడతాయి. విన్‌క్రిస్టిన్ వాటిని ఏర్పడనివ్వదు, కణం చీలలేక చస్తుంది. మోతాదు మించితే అదే మందు నరాలను దెబ్బతీస్తుంది. రక్తనాళంలోకి ఎక్కించాల్సిన దాన్ని పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణమే పోతుంది. జ్వరం తగ్గక, ఒళ్ళు పాలిపోయి, చిగుళ్ళ నుంచి రక్తం కారే బిడ్డను పసరు మందుతో ఇంట్లోనే ఉంచితే, పోయిన రోజులు తిరిగి రావు. వడ్డెను, దిసారిని గౌరవించే మనమే ఈ మాట ముందుగా చెప్పాలి. మనం చెబితేనే మన వాళ్ళు వింటారు.

రెండో మాటలో సగమే నిజం. రక్త క్యాన్సర్ మందు జమైకా వాళ్ళకు తెలియదు, మన పెద్దలకూ తెలియదు. కానీ ఆ ఆకులో ఏదో గుణం ఉందని జమైకా వాళ్ళు చెప్పకపోతే, ఇన్ని మొక్కల్లో దాన్నే ఏరి పరీక్షించేవారు ఎవరు? అయినా కంపెనీకి లాభాలు వచ్చాయి గానీ మడగాస్కర్‌కూ, ఆకు చూపిన వాళ్ళకూ వాటా దక్కలేదు. అది అన్యాయం.

వాటా ఇవ్వడం కుదరని పని కాదు. కేరళలో కాణి ఆదివాసులు అలసట పోవడానికి తినే ఆరోగ్యపచ్చ పండ్ల గురించి 1987లో శాస్త్రవేత్తలు వారినే అడిగి తెలుసుకున్నారు. ఆ మొక్కతో చేసిన 'జీవని' మందు హక్కును 1995లో ఒక కంపెనీకి ఇచ్చినప్పుడు, వచ్చే సొమ్ములో సగం కాణి జనానికని నిర్ణయించారు. అందరినీ అడగలేదన్న అసంతృప్తి వారిలో కొందరికి మిగిలింది. అందులోనూ మనకు పాఠం ఉంది. వాటా ఇస్తే సరిపోదు, ముందు అనుమతి అడగాలి.

ఇప్పుడు మన చేతిలో చట్టాలున్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం లాభంలో వాటా గురించి చెబుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ జ్ఞానం మీద సమూహానికి హక్కు ఇచ్చింది. పంచాయతీ స్థాయిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. చదువుకున్న యువత పెద్దల పక్కన కూర్చుని మొక్క పేరు మన భాషలో, వాడే తీరు వారి మాటల్లో రాయాలి. వారు బయటపెట్టవద్దన్నది రాయకూడదు.

వాటా అడిగే హక్కు, నిజం చెప్పే బాధ్యత ఒకే కావడికి కట్టిన రెండు కుండలు. మన జ్ఞానాన్ని పరీక్షకు పెట్టనివ్వకుండా గొప్పలు చెప్పుకుంటే మన బిడ్డలకే ముప్పు. పరీక్షకు ఇచ్చి వాటా అడగకపోతే మన అడవికి నష్టం. రెండూ మోస్తేనే కావడి నిలుస్తుంది.