రక్షకాధికారి యెవరికి బద్ధుడు?

నేరము చేసినవానిని పట్టి న్యాయస్థానము నెదుట నిలువబెట్టు నధికారికి లోకమున ముగ్గురు యజమానులు కనబడుచున్నారు. నియమించిన ప్రభువు మొదటివాడు; తన మాట చెల్లవలెనని యాతని కోరిక. నేరము విని యుడికిపోవు ప్రజలు రెండవవారు. తమ కోపము తక్షణమే తీరవలెనని వారి కోరిక. మూడవది సాక్ష్యము, దానికి నోరు లేదు, ఓటు లేదు, బదిలీ చేయు నధికారమును లేదు. ఈ మూటిలో నతడు దేనికి బద్ధుడు? సాక్ష్యమునకే యని చెప్పుటకు మనలో నెవ్వరును జంకరు. అయినను అట్లు నడచుకొనిన యధికారిని మనము మెచ్చుచున్నామా యని యోచించిన, మన మాటకును మనసునకును గల దూరము తెలియగలదు.

పూర్వము హైదరాబాదు నగరమున కొత్వాలు నిజాము ప్రభువునకు మాత్రమే జవాబుదారి. 1920 మొదలు 1934 వఱకు ఆ పదవియందున్న రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారు విద్యాభిమాని. 1918లో రెడ్డి విద్యార్థి వసతిగృహమును నెలకొల్పుటలో ముందు నిలిచినవారు. కాని మంచి కొత్వాలు దొరకుట నాటి ప్రజల కదృష్టమే గాని హక్కు గాదు. మనుష్యుడు మాఱిన నదృష్టమును మాఱును. 1950లో రాజ్యాంగ మమలునకు వచ్చిన పిమ్మట ఈ యదృష్టము హక్కుగా మాఱినదా? ఒక తెలుగువాని యుద్యోగచరిత్ర మీ ప్రశ్నకు కొంత సమాధాన మీయగలదు.

హైదరాబాదు పోలీసు కమీషనరుగా పనిచేసిన కె. విజయరామారావుగారు 1993 మొదలు 1996 వఱకు కేంద్ర నేరపరిశోధక సంస్థయగు సి.బి.ఐ.కి అధిపతిగా నుండిరి. అప్పటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారును తెలుగువారే. 1991లో జైను సోదరుల సోదాలలో దొరకిన దినచర్యపుస్తకములందు పెక్కుమంది నాయకులను సూచించు పొడియక్షరములును, వాని యెదుట సొమ్ము మొత్తములును వ్రాసియుండెను. పరిశోధన సాగుట లేదని 1993లో వినీత్ నారాయణ్ అను పత్రికారచయిత సుప్రీముకోర్టు నాశ్రయించెను. 1996 జనవరిలో ఎల్.కె. అద్వానీగారు మొదలగు నాయకులపై అభియోగపత్రములు దాఖలయ్యెను. అద్వానీగారు లోకసభ సభ్యత్వమును వదలుకొని, ఆ సంవత్సరపు టెన్నికలలో పోటీ చేయరైరి. పరిశోధన నాన్చిరని మొదట నింద. ప్రధాని ప్రత్యర్థులను దెబ్బతీయుటకు దీనిని వాడుకొనెనని పిదప నింద. తుదకు 1997లో ఢిల్లీ హైకోర్టు అద్వానీగారిపైని యభియోగములను కొట్టివేసెను. 1998లో సుప్రీముకోర్టు ఆ తీర్పునే స్థిరపఱచెను. విడికాగితములపై వ్రాతయొక్కటే నేరమును రుజువు చేయజాలదు.

ఆ కాలముననే మఱియొక వ్యవహారము నడచెను. 1994 నవంబరులో కేరళ పోలీసులు నంబి నారాయణన్ అను అంతరిక్ష శాస్త్రజ్ఞుని, దేశరహస్యముల నమ్ముకొనెనని నిర్బంధించిరి. పత్రికలలో నాతడు దేశద్రోహి యయ్యెను. వ్యవహారము సి.బి.ఐ. చేతికి వచ్చెను. ఆ సంస్థ విచారించి, ఈ యారోపణలు నిరాధారములని 1996లో న్యాయస్థానమునకు నివేదించెను. 2018లో సుప్రీముకోర్టు ఆ శాస్త్రజ్ఞునకు 50 లక్షల రూపాయల పరిహార మిప్పించెను. ఒకే యధిపతి కాలమున ఒకచోట నిలువని యభియోగములు, మఱియొకచోట నిర్భయమైన విడుదల! నిందితుని పట్టుకొనుట కెంత ధైర్యము కావలెనో, లోకమంతయు ద్రోహి యనుచుండగా ఇతడు నిర్దోషి యని వ్రాయుటకు అంతకు మించిన ధైర్యము కావలెను. అయినను మొదటిదానికే దండలు వేయుదుము. రెండవదానిని గుర్తింపనైన గుర్తింపము.

ఇక అదృష్టమును హక్కుగా మార్చు ప్రయత్నము. పై దినచర్యల వ్యవహారముననే సుప్రీముకోర్టు 1997 డిసెంబరులో సి.బి.ఐ. అధిపతికి రెండేండ్లకు తక్కువకాని పదవీకాల ముండవలెనని శాసించెను. 2006లో ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున రాష్ట్ర పోలీసు అధిపతులకును ఇట్టి రక్షణ నే యాదేశించెను. ప్రభువు కినుకకు జంకని స్థిరత్వ మొకటి యేర్పడవలెనని దీని యుద్దేశము. కాని పదవి విడిచినపిమ్మటి యాశను ఏ శాసనము నాపజాలదు. విజయరామారావుగారు 1999లో తెలుగుదేశము పక్షమున ఖైరతాబాదునుండి శాసనసభ కెన్నికై మంత్రియైరి. అది చట్టవిరుద్ధము గాదు. ఆయన దోషమని మేమనము. కాని నాయకులను విచారించిన చేయి నాయకత్వమును గైకొనునప్పుడు, పాత విచారణలన్నిటిపై అనుమానపు నీడ పడక తప్పదు.

ప్రభువు నుండి కాపాడుటకు కోర్టులు కలవు. ప్రజల కోపమునుండి యధికారిని కాపాడువా రెవ్వరు? చేవెళ్ళ త్రోవలోని హిమాయత్‌నగరమునకును, షాద్‌నగరు చెంతనున్న చటాన్‌పల్లికిని జిల్లా యొక్కటే, రంగారెడ్డి. 2019 నవంబరు 27న ఒక యువ వైద్యురాలిపై జరిగిన ఘోరమునకు తెలుగునా డంతయు తల్లడిల్లెను. డిసెంబరు 6న తెల్లవాఱుజామున నలుగురు నిందితులు చటాన్‌పల్లివద్ద పోలీసుల తుపాకులకు గురియైరి. ప్రజలు పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీముకోర్టు నియమించిన సిర్పూర్కరు కమిషను, చంపు తలంపుతోనే కాల్చిరనియు, చనిపోయినవారిలో మువ్వురు మైనరు లనియు నివేదించెను. ఆ నివేదిక 2022లో వెల్లడి యయ్యెను.

ఆడపిల్లలున్న తల్లు లిక్కడ మమ్ము గద్దింతురు: కోర్టులు ఏండ్లతరబడి నాన్చుచుండ, మా బిడ్డలకు రక్షణ యేది? ఈ యార్తి న్యాయమైనది. దానిని మేము చిన్నబుచ్చము. కాని యొక్కమాట. ఆ నలుగురే నేరస్థులని తేల్పవలసిన విచారణ యెన్నడును జరుగలేదు, ఇక జరుగదు. ఎవడైనను నిందితుడు విచారణకు ముందే చచ్చినయెడల, అతడు నిర్దోషియైన పక్షమున, అసలు దోషిని వెదకువా డుండడు. అట్టివాడు మన వీధులలోనే తిరుగుచుండును. జాగునకు మందు న్యాయాధిపతుల సంఖ్యను, పరిశోధకుల నేర్పును పెంచుట; తుపాకి గాదు. నేడు మన మెచ్చుకోలునకు కాల్చినవాడు రేపు ప్రభువు మెచ్చుకోలునకు కాల్పడని పూచీ యేది?

కావున రక్షకాధికారిని సాక్ష్యమునకు బద్ధుని చేయు పని కొంత శాసనసభలది, కొంత కోర్టులది, కొంత మన యిండ్లది. ఒకడు నిర్బంధింపబడెనని పత్రికలో చదివినపుడు, పిల్లల యెదుట వానిని దొంగ యనక నిందితు డనుట మనకు సాధ్యము. సాక్ష్యము చాలలేదని యొకని విడిచిపెట్టిన యధికారిని అమ్ముడుపోయినవాడనుటకు ముందు కారణ మడుగుట సాధ్యము. పూలు చల్లు చేతులు మనవి; ఎవరిపై చల్లుదుమో యట్టి యధికారులే మనకు దొరకుదురు.