అస్త్రాలు తప్ప ఏమీ మిగలని రోజు

ద్రోణుడు పరశురాముడి దగ్గరికి వెళ్లింది విద్య కోసం కాదు, ధనం కోసం. కొడుక్కి పాలు కొనలేని ఇల్లు ఆయనది. పరశురాముడు ఉన్నదంతా దానం చేస్తున్నాడని విని మహేంద్రగిరికి పరుగున వెళ్లాడు. అప్పటికే ఆలస్యమైంది. బంగారం బ్రాహ్మణులకు, భూమి కశ్యపుడికి వెళ్లిపోయాయి. ఇక మిగిలినవి తన శరీరమూ అస్త్రాలేనని, ఏది కావాలో కోరుకోమని ముని అన్నాడు. ద్రోణుడు అస్త్రాలు అడిగాడు, ప్రయోగ రహస్యాలతో సహా.

ఆట మానేసిన బౌలర్లను చూస్తే నాకు ఆదిపర్వంలోని ఈ ఘట్టమే తోస్తుంది. చప్పట్లు పోతాయి, పేపర్లో ఫొటో పోతుంది. మిగిలేవి భుజం నొప్పి, వేళ్లకు తెలిసిన విద్య. నొప్పిని ఎలాగూ ఎవరూ అడగరు.

సికింద్రాబాద్‌లో పుట్టిన లెగ్ స్పిన్నర్ ఎం.వి. నరసింహారావు, క్రికెట్ లోకానికి బాబ్జీ, 1978-79 ప్రాంతంలో భారత్‌కు ఆడింది 4 టెస్టులు, తీసింది 3 వికెట్లు. ఆ తర్వాత పిలుపు రాలేదు. అయినా ఆట వదల్లేదు. 1986-87లో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే. తర్వాత ఉత్తర ఐర్లండ్ వెళ్లి అక్కడి పిల్లలకు ఆట నేర్పాడు. క్రికెట్‌కూ, స్థానిక సమాజానికీ చేసిన సేవకు బ్రిటన్ ఎంబీఈ ఇచ్చింది. నాలుగే టెస్టులు ఆడిన మనిషి ఏం నేర్పగలడని అడిగేవాళ్లు ఉంటారు. లెగ్ బ్రేక్ ఉంగరపు వేలి మీదుగా తిరుగుతుంది. మణికట్టు కాస్త ముందు విప్పుకున్నా బంతి ఫుల్‌టాస్ అయి బ్యాటుకు విందవుతుంది. అలా దెబ్బతిన్న చేతికే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

అమెరికా బేస్‌బాల్‌లోనూ అలాంటివాడొకడు, టామ్ హౌస్ అనే పిచర్ (మన బౌలర్ లాంటివాడు) ఉండేవాడు. 1974 ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ కొట్టి హోమ్ రన్ల రికార్డు బద్దలు చేసిన 715వ హోమ్ రన్ బంతి, బౌండరీ అవతల నిల్చున్న హౌస్ గ్లవ్‌లో పడింది. అది దాచుకోదగ్గ బంతి. ఆయన పరుగెత్తుకెళ్లి ఆరన్‌కు ఇచ్చేశాడు. తర్వాత పేరున్న పిచింగ్ కోచ్ అయ్యాడు. అంతకుముందు బేస్‌బాల్ ఆడని ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లకు 2008లో పిచింగ్ నేర్పిందీ ఆయనే.

మన అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లు. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మరువ పారితేనే కింది చెరువు తడుస్తుంది. ఆట కూడా ఈ నేల మీద అలాగే ఒకరి నుంచి ఒకరికి పారింది. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ, పల్లె పిల్లలకు క్రికెట్, హాకీ, టెన్నిస్ మైదానాలు తెరిచింది. నార్పల మండలం బండ్లపల్లిని దేశం మొదట గుర్తుపెట్టుకున్నది కరువు పనితో: ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అక్కడే. ఆ ఊరి అమ్మాయి, ఎడమచేతి స్పిన్నర్ బారెడ్డి అనూష, ఆర్డీటీలో ఆట నేర్చుకుని 2023 జులైలో బంగ్లాదేశ్‌లో భారత్ తరఫున బంతి పట్టింది. స్కోరు కార్డులో బౌలర్ పేరుంటుంది, క్యాచ్ పట్టినవారి పేరుంటుంది. నేర్పినవారికి గడి లేదు. కోచ్ ఎంత ఆరాటపడినా తాడుకు ఇవతలే కూర్చోవాలి. కర్మ నీది, ఫలం నీది కాదన్న గీతోపదేశం వినడానికి తేలిక. శిష్యురాలు ఆఖరి ఓవర్ వేస్తుంటే దాన్ని పాటించడం ఎంత కష్టమో కోచ్‌కే తెలుసు.

అక్కడే ద్రోణుడు తడబడ్డాడు. లెక్క చూడకుండా ఇచ్చినవాడి దగ్గర తీసుకున్న విద్యకు ఆయన లెక్క కట్టాడు. గురుదక్షిణగా ద్రుపదుణ్ణి బంధించి తెమ్మని శిష్యులను అడిగాడు. అర్జునుణ్ణి మించినవాడు ఉండకూడదన్న మాట కోసం, తాను నేర్పని ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడు. (పరశురాముడూ తర్వాత కర్ణుణ్ణి శపించాడు, ఇవ్వడం ఒక్కసారితో అయిపోయే పని కాదు.) బౌలింగ్ కోచ్ మొదట పట్టుకునేది శిష్యుడి వేళ్లనే, సీమ్ మీద సరిగా పెట్టడానికి. మన దేశంలో ఉత్తమ కోచ్‌లకు 1985 నుంచి ఇస్తున్న పురస్కారం పేరు మాత్రం ద్రోణాచార్య. ఆ పేరు ఖాయం చేసేటప్పుడు ఏకలవ్యుడి సంగతి ఎవరికీ గుర్తు రాలేదేమో.