పరదేశమున ధనరక్షణ

పులికాటు సరస్సు చెంత, తమిళనాటి పొలిమేరయందున్న మన తడనుండియు, శ్రీసిటీ కర్మాగారములనుండియు, శిక్షణకో, ఉద్యోగమునకో, బిడ్డలను చూచుటకో చెన్నపట్టణపు విమానాశ్రయము మీదుగా సముద్రములు దాటెడివారికి ఈ ఉదయమున ఒక హితవు.

1967 జూన్ 27న లండను నగరపు ఎన్‌ఫీల్డునందు బార్‌క్లేసు బ్యాంకు నెలకొల్పిన నగదుయంత్రము లోకమునకెంత సౌకర్యమును తెచ్చినదో, వంచకులకంత అవకాశమును నిచ్చినది. కార్డు దూర్చెడి నోటిపై వారతికించిన తొడుగు అయస్కాంతపు పట్టీలోని వివరములను హరించుచుండగా, మీటలకు పైన దాగిన చిన్న కెమెరా మన రహస్యసంఖ్యను కనిపెట్టుచుండును. కావున ఆ నోటిని వ్రేళ్లతో పట్టి కదపి చూడుడు. ఊగినచో తక్షణమే మరలిపొండు. సంఖ్యను నొక్కునపుడు రెండవచేతితో మీటలను కప్పుడు. వీథిమూలనున్న ఏటీఎం కంటె బ్యాంకు ఆవరణలోనిది మేలు. సాయమునకై తనంత తానుగా వచ్చిన అపరిచితునికి కార్డునీయకుడు.

కార్డునకు విదేశ వినియోగమును ప్రయాణమునకు ముందే తెఱచి, దినసరి పరిమితిని తగ్గించి, ఇల్లు చేరిననాడే మూయుడు. బ్యాంకు సందేశములు అందునట్లు ఫోనునకు రోమింగు ఉంచుకొనుడు. మనవలనగాని బ్యాంకువలనగాని లోపము లేక పరులు చేసిన మోసమును, బ్యాంకు సందేశమందిన మూడు పనిదినములలో బ్యాంకునకు తెలిపినచో ఖాతాదారునిపై నష్టభారము పడరాదని 2017లో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. సిగ్గుపడి జాగుచేయుట వంచకునికే లాభము; చెమటోడ్చి కూడబెట్టిన ధనమును కాచుకొనుట లోభము కాదు, మనవారియెడ మన ధర్మము.